గడపగడపకూ కావలి

రేడియోలో ధ్వని తెగిపోతే మా ఇంజనీర్లు చేసే మొదటి పని ఒకటి ఉన్నది. స్టూడియోలో ఒకసారి, కంట్రోలు రూములో ఒకసారి, ట్రాన్స్‌మిటరు వద్ద మరొకసారి చెవియొగ్గి వింటారు. మాట ఎక్కడిదాకా వచ్చినదో, ఎక్కడినుంచి రాలేదో తెలిస్తే లోపం ఆ రెండింటి నడుమనే ఉన్నట్లు తేలుతుంది. కంప్యూటరు ప్రోగ్రాములో తప్పు వెదకడానికీ ఇదే ఉపాయమని మా మేనల్లుడి పక్కన కూర్చున్నప్పుడు తెలిసినది. (ప్రోగ్రామంటే ఇక్కడ మా రేడియోవారి ప్రోగ్రాము కాదని శ్రోతలకు మనవి.)

2023 సంక్రాంతికి అతడు మా ఇంటికి వచ్చాడు. వచ్చాడన్న మాటే గాని ఒళ్లోనుంచి కంప్యూటరు దించలేదు. అతడు పనిచేసే సంస్థ ఒక ఆసుపత్రి రక్తనిధికి ప్రోగ్రాము వ్రాసి ఇచ్చినది. దాతనుంచి తీసిన రక్తం, అందులో కలిపే సంరక్షక ద్రావణాన్ని బట్టి, 35 రోజులో 42 రోజులో నిలువ ఉంటుంది. అక్కడ వాడేది 35 రోజుల రకం. ఆ గడువు లెక్కకట్టి, సంచికి అంటించే చీటీ మీద అచ్చువేయడం ప్రోగ్రాము పని. జనవరి 10న తీసిన రక్తానికి ఫిబ్రవరి 14 గడువు కావలసి ఉండగా, చీటీ మీద ఫిబ్రవరి 17 అని పడినది. అక్కడి ఉద్యోగిని ఒకామె వేళ్లమీద లెక్కపెట్టి పట్టుకున్నది. ఆమె చూడకపోతే గడువు దాటిన రక్తాన్ని ఏ బాలింతకో ఎక్కించి ఉండేవారు.

విచిత్రమేమంటే, డిసెంబరు మొదటి వారంలో పరీక్షించినప్పుడు అదే ప్రోగ్రాము సరియైన తేదీలే చూపినది.

“చదివి చూస్తే తెలియదా?” అన్నాను.

“మూడువందల ఫైళ్లు, మామయ్యా! దేనికది చదివితే అన్నీ సరిగానే ఉన్నాయి” అన్నాడు.

ప్రోగ్రామును నడవనిస్తూనే దాని నాడి చూసే సాధనాన్ని డీబగ్గరు అంటారు. అతడు వాడినది జీడీబీ; 1986లో రిచర్డ్ స్టాల్‌మన్ దాని తొలిరూపం వ్రాశాడు. ఫలానా ఫైలులో ఫలానా పంక్తి దగ్గర ఆగుమని దానికి చెబితే, ప్రోగ్రాము ఆ చోటికి రాగానే నిలబడుతుంది. అదే బ్రేక్‌పాయింటు. ఈ పేరు ఎనియాక్ నాటిది. 1946లో లోకానికి చూపిన ఆ మహాయంత్రంలో ఒక పనినుంచి మరొక పనికి తీగలే దారి. యంత్రం ఒకచోట ఆగవలెనంటే అక్కడి తీగ ఊడదీయవలసినదే. ఆ యంత్రానికి ప్రోగ్రాములు అమర్చిన ఆరుగురు మహిళలలో ఒకరైన బెట్టీ హోల్బర్టన్‌కు ఈ ఉపాయం తట్టినదంటారు. నేడు తీగకు బదులు ఒక సంఖ్య. ఇంటెల్ జాతి యంత్రాలలో డీబగ్గరు, ఆపవలసిన ఆదేశంలోని మొదటి బైటును తీసి దాచి, దాని స్థానంలో 204 అనే సంఖ్య పెడుతుంది. ప్రాసెసరు దానిని తాకగానే పని ఆపి కబురు చేస్తుంది. మనం చూడవలసినది చూసిన తరువాత డీబగ్గరు దాచిన బైటును తిరిగి పెట్టి, ఆ ఒక్క ఆదేశం జరగనిచ్చి, మరల 204 ఉంచుతుంది.

మా వాడు రెండు రోజులు గడువు లెక్కకట్టే ఫైలులో ఒకేచోట బ్రేక్‌పాయింటు పెట్టుకొని కూర్చున్నాడు. అక్కడ 35 కలపడం సరిగానే జరుగుతున్నది. మూడవనాడు, భోగిమంట ఆరకముందే, పద్ధతి మార్చాడు. తేదీలతో పనిచేసే ఫంక్షన్ల పేర్లన్నీ ‘డేట్’ అనే మాటతోనే మొదలవుతాయట. ఆర్‌బ్రేక్ అనే ఆదేశానికి ఆ పోలిక చెబితే చాలు, అవి ఏ ఫైలులో ఉన్నా అన్నిటి గడపల దగ్గర ఒక్కసారిగా బ్రేక్‌పాయింట్లు పడతాయి. అరవైకి పైగా పడినవి. అతడు సంతోషించాడు. ఆ సంతోషం నిమిషం నిలువలేదు. తెర మూలనున్న గడియారం కూడా క్షణక్షణమూ తేదీ అడుగుతుంది గదా. అడిగినప్పుడల్లా ప్రోగ్రాము నిలబడుతున్నది.

“దొంగకోసం కావలి పెట్టి పాలవాణ్ణి కూడా ఆపుతున్నావురా” అన్నాను.

గడియారానికి చెందినవి తొలగించి, తక్కిన అన్నిటికీ కలిపి ఒక చిన్న తాఖీదు వ్రాశాడు: ప్రోగ్రాము వచ్చినప్పుడు హడావుడి చేయవద్దు, పిలిచినదెవరో, చేతికిచ్చిన విలువలేమిటో ఒక పంక్తి వ్రాసి, దానిని పోనివ్వు. (అన్ని లోపాలూ ఇంత మర్యాదగా కనబడవు. రెండు పనులు పోటీపడి నడిచేచోట ఒకదానిని క్షణం ఆపినా లోపమే మాయం కావచ్చును. ఇది అట్టిది కాకపోవడం మా అదృష్టం.)

జనవరి 10 సంచి వివరాలిచ్చి నడిపితే తెర మీద వరుసగా పంక్తులు దిగినవి. తేదీ చదివే ఫైలునుంచి నెల 1 అని వచ్చినది. లెక్కకట్టే ఫైలు గడపలోనూ 1. అక్కడ అతని చేయి ఆగిపోయినది. సీ భాషలోని తేదీల లెక్కలో నెలలు సున్న నుంచి మొదలవుతాయి: జనవరి 0, ఫిబ్రవరి 1. అంటే లెక్కకట్టే ఫైలు దానిని ఫిబ్రవరి 10 అనుకొని, 28 రోజుల నెలగా లెక్కించి, మార్చి 17 తేల్చినది. ఆ లెక్కలో మార్చి సంఖ్య 2. చీటీ అచ్చువేసే ఫైలు ఆ 2 ను ఉన్నదున్నట్లు అచ్చువేసినది. మనిషి దానిని ఫిబ్రవరి అని చదువుకున్నాడు. మొదటి ఫైలు ఒకటి తీసివేయడం మరచినది, చివరి ఫైలు ఒకటి కలపడం మరచినది, నడుమనున్న ఫైలు పాపం నిర్దోషి. ఏ ఒక్క ఫైలు దగ్గర కూర్చున్నా ఈ రెండు మరపులు పక్కపక్కన కనబడవు. డిసెంబరు సంగతి కూడా తేలినది. 12 అంటే ఆ లెక్కలో వచ్చే జనవరి. దానికీ 31 రోజులే, డిసెంబరుకూ 31 రోజులే.

రెండుచోట్లా ఒకేసారి దిద్దాడు. ఒక్కచోటే దిద్ది ఉంటే నెలే తప్పిపోయేది. బ్రేక్‌పాయింట్లన్నిటినీ ఒక ఫైలులో భద్రపరచి, నెలకొక తేదీ చొప్పున పన్నెండూ నడిపి, ప్రతి గడప దగ్గరా నెల సంఖ్య చూశాడు. ఆ సాయంత్రం ఆసుపత్రివారు జనవరిలో తీసిన సంచులన్నిటికీ పాత చీటీలు పీకి, చేతితో కొత్త తేదీలు వ్రాసి అంటించారు. మా వాడు మరునాడు పండుగ భోజనానికి కంప్యూటరు లేకుండా కూర్చున్నాడు.