కారు ఇంజను నీటి పంపు
(ప్రసంగ పాఠము)



ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట ప్రాంతములలో వేసవి ఎండ తీవ్రము. దారిలో ఇంజను కాగి ఆగినచో, ఆసుపత్రికి పోవు రోగి ప్రాణమే చిక్కున పడవచ్చును. ఇంజనుకు, రేడియేటరుకు నడుమ నీటిని త్రిప్పునది నీటి పంపు. దాని అడుగు రంధ్రము నుండి నీరు కారినను, బేరింగు మ్రోగినను పంపును మార్చవలెను.

ఇంజను చల్లారనిదే రేడియేటరు మూత తీయరాదు. ఆవిరి చిమ్మి ముఖము కాలును. నీటిని పాత్రలోనికి దించి, బెల్టును, బోల్టులను విప్పి, పాత గాస్కెట్టును శుభ్రముగా గీకవలెను. క్రొత్త గాస్కెట్టుతో పంపును అమర్చి, బోల్టులను ఎదురెదురుగా, సమముగా బిగించవలెను. టైమింగు బెల్టుతో తిరుగు పంపును మాత్రము మెకానిక్కుకే అప్పగించుడు.

లవణములు గల బోరునీరు లోపల పొరకట్టును. కనుక కూలెంటునే పోసి, ఇంజను నడిపి, కారుట లేదని చూచుకొనుడు. ఇథిలీన్ గ్లైకాల్ గల పాత కూలెంటు తీయని విషము, పశువులకు అందనీయకుడు.