పడిన చోటే పాఠం

(అరకులో జరిగిన మన సంఘం సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి మాట్లాడమంటే హుషారుగా మాట్లాడేవాణ్ణి. కానీ కార్యదర్శిగారు "మనవలు కూడా వచ్చారు, వాళ్ళకు పనికొచ్చేది చెప్పండి" అన్నారు. అందుచేత మనవడి దగ్గర నేను నేర్చుకున్నదే చెబుతాను. విషయం వీడియో గేము. నవ్వకండి.

నేను కొత్తవలస - కిరండూల్ లైనులో పట్టాల పని చూసినవాణ్ణి. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపానుకు పంపడానికి 1960 దశకంలో కొండలు తొలిచి వేసిన లైను అది. ఈ పక్కనున్న శిమిలిగుడ స్టేషను 996 మీటర్ల ఎత్తున ఉంది. వానాకాలంలో చరియలు విరిగిపడే ఘాట్ సెక్షను కావడంతో రాత్రిళ్ళు లాంతరుతో గస్తీ తిరిగేవారు. ఏ మలుపులో రాయి జారుతుందో మా గ్యాంగుమన్‌కు కళ్ళు మూసుకున్నా తెలిసేది. పుస్తకం చదివి కాదు, అదివరకు అక్కడ జారింది కనుక.

తొంభైలలో మా అబ్బాయికి టీవీకి తగిలించే గేము కొనిపెట్టాను. అందులో 'సూపర్ మారియో' అనే ఆట ఉండేది. 1985లో జపానుకు చెందిన నింటెండో సంస్థ తయారుచేసింది. ఎనిమిది లోకాలు, ఒక్కొక్కదానిలో నాలుగేసి అంచెలు, వెరసి 32. చేతిలో ఉండేవి మూడు ప్రాణాలు. కోట తరువాత కోట గెలిచినా, "రాకుమారి ఇక్కడ లేదు, వేరే కోటలో ఉంది" అంటారు. ఇలా ఏడుసార్లు! "మీ ఫైలు ఈ సెక్షనులో లేదు" అనిపించుకున్న మనకు ఆ బాధ వేరే చెప్పాలా?

మా వాడు ఎనిమిదో లోకం దాకా వెళ్ళాడు. పరీక్షలు దగ్గర పడ్డాయని నేను దాన్ని అటక ఎక్కించాను. వాడు నోరెత్తలేదు. నేను గెలిచాననుకున్నాను.

నిరుడు నాకు మోకాలి ఆపరేషను అయింది. కాలు వంచడం నరకం. పది రోజులకే "ఇక నావల్ల కాదు" అని మంచమెక్కాను. ఎదురుగా మా మనవడు కొత్త మిషను మీద అదే పాత ఆట ఆడుతున్నాడు. ఒకే గోతిలో పడుతున్నాడు, లేస్తున్నాడు. "విసుగు లేదట్రా?" అన్నాను. "గొయ్యి జరగదు కదా తాతయ్యా. నేనే ముందు దూకేస్తున్నాను" అన్నాడు.

ఆ రోజు మొదటిసారి దగ్గర కూర్చుని చూశాను. ఆ ఆట కట్టినవాడు గడుసువాడు. మొదటి అంచె చివర్లో ఎదురెదురుగా రెండు మెట్ల వరసలు పెట్టాడు. మధ్యలో పడినా నేలే ఉంటుంది. ఆ తరువాత అలాంటివే మరో రెండు. ఈసారి మధ్యలో నేల లేదు, పడితే ప్రాణం పోతుంది. ముందు దెబ్బ తగలని చోట దూకడం నేర్పి, తరువాత పరీక్ష పెట్టాడు. మనం పిల్లలకు ముందే పరీక్ష పెట్టేస్తాం.

మర్నాటినుంచి మనవడు నా మేస్త్రీ అయ్యాడు. "వంగిందా?" అని అడగలేదు. "నిన్న ఎక్కడ ఆగింది?" అనేవాడు. క్యాలెండరు మీద డిగ్రీలు రాశాడు. అరవై, అరవైనాలుగు, మళ్ళీ అరవైరెండు. తగ్గిన రోజున నేను డీలాపడితే, ముందురోజు ఎక్కువసేపు నిలబడిన సంగతి గుర్తుచేశాడు. రెండు నెలలకు తొంభై దాటింది. ఈ వేళ ఈ మెట్లు నేనే ఎక్కి వచ్చాను.

పిల్లలూ, దీన్ని అనుమతిపత్రం అనుకోకండి. ఆట మనిషిని మింగేస్తే అది జబ్బేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల జాబితాలో చేర్చింది. 2022 నుంచి అది అమలులో ఉంది. డబ్బు పెట్టి ఆడేవి అసలు ఆటలే కావు. వాటిని నిషేధిస్తూ 2025లో పార్లమెంటు చట్టమే చేసింది. పైగా ఆటలో మూడు ప్రాణాలు, మనకు ఒక్కటే. ఊరికే మళ్ళీ మళ్ళీ పడడం పట్టుదల కాదు. ఎందుకు పడ్డామో చూసుకుని, ఈసారి ఒక్క అడుగు మార్చి వేయడమే పట్టుదల.

చివరగా ఒక్క మాట. మొన్న ఒక ఆదివారం మా అబ్బాయి కొడుకు పక్కన కూర్చున్నాడు. ఆట ఎనిమిదో లోకంలో ఉంది. "ఆఖరి కోట నేనెప్పుడూ చూడలేదు నాన్నా" అన్నాడు, నావైపు తిరగకుండానే. ముప్పై ఏళ్ళ తరువాత అన్న మాట అది. లోపల్నుంచి మా ఆవిడ భోజనాలకు పిలిచింది. "కాసేపు ఆగు, వాళ్ళను కానివ్వు" అన్నాను.

నేను మార్చి వేసిన అడుగు అదే.