కొంగల చెరువులో మన వాటా ఎంత?

(అనంతపురం ప్రాంతంలో చెరువుల బాగు గురించి జరిగిన సభలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం పాఠం)



నన్ను పక్షుల గురించి మాట్లాడమన్నారు. నేను పక్షుల పండితుణ్ణి కాదు. మా ఇంట్లో మొట్టమొదట డిగ్రీ చదివినోణ్ణి. మా తాత చెరువుకు నీరుగంటి. తూము తీసేది ఆయన, మడవ తిప్పేది ఆయన, వానొస్తే నడిరాత్రి గొంగడి కప్పుకొని కట్ట కాచేది ఆయన. ఆయకట్టులో మాత్రం ఆయనకు సెంటు భూమి లేదు. అందుకే చెరువు గురించి మాట్లాడే హక్కు నాకుందనుకుంటున్నా.

చిలమత్తూరు మండలంలో వీరాపురం ఉంది. మొన్నటిదాకా అనంతపురం జిల్లా, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. ఏటా చలికాలంలో ఆ ఊరి చింతచెట్ల మీద ఎర్ర కొంగలు దిగుతాయి. గూళ్ళు కట్టి, పిల్లల్ని పెంచుకొని, వానాకాలంలో వెళ్ళిపోతాయి. పుట్టింటికొచ్చిన ఆడబిడ్డల్లాంటివని ఊరివాళ్ళంటారు. ఏ అధికారీ చెప్పకముందే వాటిని కాపాడింది ఆ ఊరి జనమే.

ఇవి సైబీరియా నుంచి వస్తాయని చాలామంది అంటారు. కాదు. ఎర్ర కొంగ ఈ దేశపు పక్షే. నీళ్ళున్న చోటికి పోతుంది, ఎండితే ఇంకో చోటికి పోతుంది. అనంతపురం నుంచి బెంగుళూరుకు మూటాముల్లె కట్టుకుని పోయే మన కూలీకీ దానికీ తేడా ఏముంది? రెండూ కరువుకు వలస పోయే ప్రాణాలే. కాకపోతే కొంగ వస్తే ఫొటో తీస్తారు. మనం పోతే ఎవరూ లెక్క రాయరు.

ఇక డబ్బు సంగతి. చిత్తడి నేలల కోసం కేంద్రానికి 1985-86 నుంచీ పథకం ఉంది. చెరువులు, సరస్సుల పథకం 2001లో వచ్చింది. 2013లో రెండూ కలిపి ఒకటి చేశారు. రాష్ట్రాలకు ఖర్చులో కేంద్రం వాటా 60, రాష్ట్రం వాటా 40. వినడానికి బాగుంది. కానీ 2017 చిత్తడి నేలల నియమాలు చదవండి. తాగునీటికో సాగునీటికో మనుషులు కట్టిన చెరువులు ఆ లెక్కలోకి రావని రాశారు. అనంతపురంలో మనుషులు తవ్వని చెరువు ఎన్ని? బుక్కపట్నం, బుక్కరాయసముద్రం, శింగనమల, అన్నీ మట్టి మోసినోళ్ళు కట్టినవే. కొంగకు ఈ నియమం తెలీదు. అది సాగుచెరువులోనే చేప పట్టుకుంటుంది.

నిధులు వస్తే వచ్చే ప్రమాదం వేరే ఉంది. కొల్లేరు చూడండి. 1976 తర్వాత ప్రభుత్వమే పేదల్ని సంఘాలుగా చేర్చి చేపల చెరువులిచ్చింది. తర్వాత పెట్టుబడిదార్లు దిగారు, పేదోడి పేరు మీద పెద్దోడు చేపలు పెంచాడు. 1999లో అయిదో కాంటూరు దాకా అభయారణ్యమన్నారు, 2002లో రామ్‌సార్ జాబితాలో చేర్చారు, 2006లో గట్లు పగలగొట్టారు. సరస్సును కాపాడటం తప్పు కాదు. లాభం తిన్నోడు ఇంకో వ్యాపారం చూసుకున్నాడు, వలతో బతికేవాడు ఒడ్డున నిలబడ్డాడు. అదీ తప్పు.

నీళ్ళ కాడ మనల్ని నిలబెట్టడం కొత్త కాదు. 1927 మార్చి 20న మహద్ చవదార్ చెరువులో బాబాసాహెబ్ దోసిలి పట్టి నీళ్ళు తాగితే దాడులు చేశారు. 1985 జులైలో కారంచేడు నెత్తురు పారిందీ మాదిగల మంచినీళ్ళ చెరువు కాడ మొదలైన గొడవతోనే. చెరువు మీద హక్కు లేకపోతే మనిషి మీదా గౌరవం ఉండదని ఆ రెండూ నేర్పాయి.

అయితే కొంగకు అడ్డం పడదామా? కాదు. దానికి కావల్సిందీ మనకు కావల్సిందీ ఒకటే. ఎర్ర కొంగ ముక్కు సగం తెరిచి లోతు తక్కువ నీళ్ళల్లో పెడుతుంది, చేప తగిలితే చటుక్కున మూస్తుంది. జేసీబీతో గుంతలు తవ్వి, చుట్టూ సిమెంటు కట్టి, బోటు తిప్పితే దానికి తిండి దొరకదు. దానికి పల్లం అంచులు కావాలి, వాగుల్నుంచి నీళ్ళు రావాలి, పాత చింతచెట్లు ఉండాలి. అదంతా చేతులతో చేసే పని. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ మొదలైంది మన జిల్లా బండ్లపల్లిలోనే. పూడిక తీయడం మన ఆడవాళ్ళకు ఎవరూ నేర్పక్కర్లేదు.

కాబట్టి మన మాటలు నాలుగు:

ఒకటి, పక్షులొచ్చే సాగుచెరువులకు కూడా నిధులివ్వాలి.

రెండు, పని కాంట్రాక్టరు యంత్రానికి కాదు, ఆ ఊరి కూలీలకివ్వాలి. ముందు కాలవలు బాగుచేయాలి, సీమజాలి పీకాలి.

మూడు, చెరువులో చేపలు పట్టేవాళ్ళను, గొడ్లు మేపేవాళ్ళను అడక్కుండా కంచె వేయొద్దు. లోపల పట్టాలున్న పేదలకు ముందు వేరే భూమి చూపించాలి.

నాలుగు, చెరువు కమిటీలో దళిత ఆడవాళ్ళు ఉండాలి. సంతకానికి కాదు, లెక్క చూడటానికి.

మొన్న బడిలో ఆరో తరగతి పిల్ల అడిగింది: "సార్, కొంగలు పోయినాక ఆ డబ్బు ఎవరికి?" నేను జవాబు చెప్పలేకపోయా. ఆ ప్రశ్ననే ఈ సభ ముందు పెడుతున్నా. రేపటి గ్రామసభలో మీరంతా కలిసి అడగండి. తూము తీసిన చేతులు ఇప్పుడు లెక్కల పుస్తకం తీయాలి.

జై భీమ్.