గొట్టం దారి వేరు, రక్తం దారి వేరు
(చండ్రుగొండలో దంపతుల కోసం చేసిన ప్రసంగ పాఠం)



కుటుంబ నియంత్రణ మాట ఎత్తగానే మగవాళ్లు ఒక ప్రశ్న అడుగుతారు. "కోడెకు విత్తులు నొక్కిస్తే పొగరు పోయి ఎద్దవుతుంది గదా, మాకు ఆపరేషను చేసినా అంతేనా?" ఇది తెలివితక్కువ ప్రశ్న కాదు. పశువును కళ్లారా చూసిన రైతుకు కలిగే సందేహమే. జవాబు తెలియాలంటే మన శరీరంలోని అవయవాలు ఏం చేస్తాయో కొంచెం తెలుసుకోవాలి.

మగవాని విత్తులను వృషణాలు అంటారు. ఇవి రెండు పనులు చేస్తాయి. మొదటిది వీర్యకణాలను తయారుచేయడం. దీనికి ఒంటి వేడికన్నా రెండు మూడు డిగ్రీలు చల్లదనం కావాలి. అందుకే అవి కడుపులో కాక, బయట సంచిలో ఉంటాయి. రెండవది టెస్టోస్టిరోన్ అనే హార్మోనును తయారుచేయడం. హార్మోను అంటే ఒక గ్రంథిలో పుట్టి, రక్తంలో కలిసి, దూరాన ఉన్న అవయవానికి కబురు అందించే రసాయనం. మీసం, గడ్డం, బొంగురు గొంతు, కండబలం, కోరిక, వీటన్నిటికీ ఈ హార్మోనే ఆధారం. మెదడు కింద శనగగింజంత పీయూష గ్రంథి ఉంది. విత్తులు ఎంత పని చేయాలో అది కూడా హార్మోన్ల ద్వారానే చెబుతుంది.

అసలు సంగతి ఇక్కడుంది. వీర్యకణాలు శుక్రవాహిక అనే సన్నని గొట్టం గుండా బయటికి వస్తాయి. హార్మోను రక్తంలో కలిసి ఒళ్లంతా పోతుంది. రెండు దారులూ వేరు.

కోడెకు పట్టకారు లాంటి సాధనంతో నొక్కినప్పుడు గొట్టంతోపాటు రక్తనాళాలు కూడా నలిగిపోతాయి. రక్తం అందక విత్తులే ఎండిపోతాయి. హార్మోను ఆగిపోతుంది, పొగరు పోతుంది. మగవారికి చేసే వేసెక్టమీలో విత్తులనూ, రక్తనాళాలనూ అలాగే ఉంచుతారు. రెండు వైపులా గొట్టాన్ని మాత్రం కత్తిరించి ముడివేస్తారు. హార్మోను ఎప్పటిలాగే రక్తంలోకి పోతుంది. నాగలి పట్టే బలం తగ్గదు, సంసారసుఖమూ తగ్గదు. వీర్యంలో కణాల పాలు చాలా కొద్ది. మిగతా ద్రవం వేరే గ్రంథుల నుంచి వస్తుంది. అందుచేత చూపుకు కూడా తేడా తెలియదు.

1974లో చైనా వైద్యుడు లీ షున్‌చియాంగ్ కత్తి కోత లేని పద్ధతి కనిపెట్టాడు. మన దేశంలోనూ ఇప్పుడు అదే చేస్తున్నారు. చిన్న రంధ్రమే గనుక కుట్లు అక్కరలేదు, అదేరోజు ఇంటికి పోవచ్చు. ఓ వారం బరువులు మోయకూడదు, సైకిలు తొక్కకూడదు. కాబట్టి నాట్లు, తునికాకు కోత లేని వారం చూసుకోండి. ఒక్క జాగ్రత్త మరవకండి. గొట్టంలో ముందే చేరిన కణాలు ఉంటాయి. మూడు నెలలు నిరోధ్ వాడి, ఆ తర్వాత వీర్యపరీక్ష చేయించుకుని, కణాలు లేవని డాక్టరు చెప్పాకే మానాలి.

ఇక ఆడవారి సంగతి. గర్భసంచికి రెండు పక్కలా అండాశయాలు ఉంటాయి. మామూలుగా నెలకొక అండం విడుదలవుతుంది. అండాశయాల్లో పుట్టే ఈస్ట్రోజన్ గర్భసంచి లోపలి పొరను పెంచుతుంది. అండం విడుదలయ్యాక ప్రొజెస్టిరోన్ ఆ పొరను బిడ్డ కోసం సిద్ధం చేస్తుంది. గర్భం నిలవకపోతే ఈ రెండూ తగ్గి, పొర ఊడి ముట్టు వస్తుంది. మాలా-ఎన్ బిళ్లలు కూడా హార్మోన్లే. అండం విడుదల చేయమనే కబురు రాకుండా ఆపుతాయి.

ట్యూబెక్టమీలో అండం నడిచే గొట్టాలను మాత్రమే కడతారు. అండాశయాలు, గర్భసంచి ఎప్పటిలాగే పనిచేస్తాయి, ముట్టు వస్తూనే ఉంటుంది. అయితే ఇది పొట్ట లోపలికి వెళ్లి చేయాల్సిన ఆపరేషను. మగవారిది పైపైన అయిపోయేది. అయినా మన జిల్లాల్లో ఆపరేషను బల్ల ఎక్కేది ఎక్కువగా ఆడవారే. 1976-77లో దేశంలో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి. అందులో ఎక్కువ మగవారికే. అప్పటి బలవంతాలు మిగిల్చిన భయం ఇంకా పోలేదు. మిమ్మల్ని బలవంతపెట్టే హక్కు ఎవరికీ లేదు. ఒప్పుకోవడం, మానడం మీ ఇష్టం.

తల్లులారా, గొట్టాలు కట్టడం వేరు, గర్భసంచి తీయడం వేరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద వందకు సుమారు ముగ్గురు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో దాదాపు ఎనిమిది, తొమ్మిది మంది. కేన్సరు వంటి జబ్బుకు తీయక తప్పదు. కాని తెల్లబట్ట అయిందనో, పిల్లలు పుట్టాక సంచితో పనిలేదనో తీయించుకోకండి. దానితోపాటు అండాశయాలు కూడా తీసేస్తే ఈస్ట్రోజన్ ఒక్కసారిగా పడిపోతుంది. ఒళ్లంతా ఆవిర్లు వస్తాయి, ఎముకలు గుల్లబారతాయి. ఎవరైనా తీయాలంటే "మందులతో తగ్గదా? అండాశయాలు ఉంచుతారా?" అని అడగండి. మరో డాక్టరుకు కూడా చూపించుకోండి.

గొట్టం తిరిగి అతికించినా అన్నిసార్లూ ఫలించదు. అందుచేత ఇక పిల్లలు చాలని ఇద్దరూ గట్టిగా అనుకున్నాకే ఆపరేషనుకు రండి. అంతవరకు నిరోధ్, బిళ్లలు, లూపు ఉన్నాయి. ఆలుమగలు ఇద్దరూ కలిసి ఆరోగ్య కేంద్రానికి వచ్చి, సిగ్గుపడకుండా అడిగి తెలుసుకోండి.