స్టేజి లైట్ల వైరుకు టంకమా, లగ్గా?

(తాడేపల్లిగూడెంలో పెన్షనర్ల దినం సభలో చేసిన ప్రసంగ పాఠం)



నకారా కేసులో సుప్రీంకోర్టు 1982 డిసెంబరు 17న ఇచ్చిన తీర్పును తలచుకుని ఏటా మనం కలుసుకుంటున్నాం. డి.ఎ. గురించి మాట్లాడటానికి నాకంటే సమర్థులు వేదిక మీద ఉన్నారు. సాయంత్రం మన మనవలు, మనవరాళ్ళు నాటిక వేస్తున్నారు కనుక, సర్వీసంతా వైర్లతో గడిపినవాడిగా నేను స్టేజి లైట్ల వైర్ల సంగతి చెబుతాను.

రేలంగి వెంకట్రామయ్యగారు స్థిరపడిన ఊరు మనది. సినిమాలకు ముందు ఆయనా రంగస్థలం మీద వేషాలు వేసినవారే. పెట్రోమాక్సు వెలుగులో నాటకాలు చూసినవారు మనలో ఇంకా ఉన్నారు. ఆ దీపం మసకబారితే అందరికీ కనబడేది, ఎవరో ఒకరు లేచి గాలి కొట్టేవారు. కరెంటు వైరులో జబ్బు అలా కనబడదు.

వెయ్యి వాట్ల ఫోకస్ లైటు 230 వోల్టుల మీద నాలుగు ఆంపియర్లకు పైన లాగుతుంది. ఒకే వైరు మీద మూడు వేస్తే 13 ఆంపియర్లు. ప్లగ్గులో వైరు సరిగా పట్టక, ఓములో పదోవంతు అడ్డు ఏర్పడిందనుకోండి. ఆ ఒక్కచోటే 17 వాట్ల వేడి పుడుతుంది. రేడియో బాగుచేసే చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లు. అంటే దానిలో మూడింట రెండు వంతుల వేడిని తెరగుడ్డ పక్కన పెట్టి నాటకం ఆడుతున్నామన్నమాట! ఫ్యూజు పోదు, ఎందుకంటే కరెంటు పెరగలేదు. ఎర్తు లీకుకు పడిపోయే ఆర్.సి.సి.బి. కూడా పడదు, ఎందుకంటే లీకు లేదు.

కొల్లేరు వైపు ఒక ఊళ్ళో దసరా నాటకానికి లైట్లు ఆరిపోతే నన్ను పిలిచారు. ప్లగ్గు విప్పి చూస్తే లోపల నల్లగా మాడింది. వైరు కొసలకు నున్నగా టంకం పట్టించి స్క్రూ కింద బిగించారు. చూడటానికి ముచ్చటగానే ఉంది. వచ్చిన చిక్కు అదే. తగరం, సీసం కలిసిన టంకం మెత్తటిది. స్క్రూ ఒత్తిడికి రోజురోజుకీ కాస్త కాస్త నలిగి జరుగుతుంది, పట్టు వదులవుతుంది, వేడెక్కుతుంది, ఇంకా వదులవుతుంది. ఆ చల్లగాలిలోని తేమ కూడా తోడై రాగి కిలుము పట్టింది.

ఇంకో సంగతి. టంకం పోగుల మధ్యనుంచి పైకి పాకి, తొడుగు లోపల కొంత మేర వైరును పుల్లలా బిగుసుకునేలా చేస్తుంది. నాటకాల వైరు గోడలో కూర్చునేది కాదు; రాత్రి పరిచి తెల్లవారేసరికి చుట్టేస్తారు. సురభివారిలా ఊరూరా స్టేజి కట్టి విప్పేవారికైతే చెప్పనే అక్కర్లేదు. వంగే వైరు, వంగని టంకం కలిసే చోట పోగులు ఒక్కొక్కటే తెగుతాయి.

లగ్గును సరైన సాధనంతో నొక్కితే పోగులూ గొట్టమూ గాలి దూరనంతగా కలిసిపోతాయి. స్క్రూ కిందకు చిన్న గొట్టంలాంటి ఫెర్రూలు చాలు. కాని కటింగ్ ప్లయర్‌తో చప్పగా నొక్కేది క్రింపింగు కాదు. రెండున్నర చదరపు మిల్లీమీటర్ల వైరుకు ఆ సైజు లగ్గే వాడాలి. లగ్గు ఇరుకైందని నాలుగు పోగులు కత్తిరించేసేవారి చేతికి వైరు ఇవ్వకండి. క్రింపింగు సరిగా చేయలేనివారికంటే టంకం బాగా వేసేవారు నయం కదా అని అడుగుతారేమో. స్క్రూ కిందకు మాత్రం నయం కాదు. అంతకంటే ఉత్త పోగులనే మెలిపెట్టి బిగించడం మంచిది.

లైటు వెనక పింగాణీ హోల్డరు దగ్గర టంకం అసలే వద్దు. 183 డిగ్రీల దగ్గరే అది కరగడం మొదలుపెడుతుంది. అక్కడ వేడికి తట్టుకునే వైరు, నొక్కిన లగ్గు ఉండాలి.

అలాగని టంకాన్ని తీసిపారేయమనడం లేదు. మైకు వైరు కొసకు అదే సరైనది. అక్కడ కరెంటు లెక్కలోకి రాదు, వైరును ప్లగ్గు క్లిప్పు పట్టి ఉంచుతుంది. ఇప్పుడు ఎల్.ఇ.డి. లైట్లు వచ్చి లోడు చాలా తగ్గింది. అయినా అద్దె సామానులో పాత లైట్లు ఇంకా వస్తున్నాయి, పాత ప్లగ్గులు మరీను.

రిహార్సల్లో అరగంట లైట్లు వెలిగించి, ఆర్పి, ప్లగ్గు ఊడదీసి చేత్తో పట్టుకుని చూడండి. వైరు చల్లగా ఉండి ప్లగ్గు ఒక్కటే కాలితే దాన్ని పక్కన పెట్టేయండి.

రెండు రకాల ప్లగ్గులూ విప్పి ఈ బల్ల మీద పెట్టాను. భోజనాలకు వెళ్ళేముందు వచ్చి చూడండి. స్టేజి వైర్లు మధ్యాహ్నం మూడు గంటలకు విప్పుతాం. పిల్లల్ని కూడా పంపండి.