తుపాకీ దుర్భిణి, రెండు కళ్ళు

(నూజెండ్లలో జరిగిన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షనర్ల సభలో తుపాకీ మాటేమిటని కొందరు నవ్వుకుంటున్నారు. డి.ఆర్. బకాయిల సంగతి కార్యదర్శిగారు ఎలాగూ చెబుతారు. ఈ మధ్య మన ఇళ్ళలో మనవళ్ళూ మనవరాళ్ళూ "తాతా, రైఫిల్ షూటింగు నేర్చుకుంటా, దుర్భిణి కొనిపెట్టు" అంటున్నారు. అడిగేది మనల్నే. ఒకటో తారీఖున ఖాయంగా డబ్బు పడేది మనకే గదా! ఆ డబ్బు వృథా కాకుండా, పిల్లల కన్ను పాడుకాకుండా చూసుకోవాలి. అందుకే ఈ నాలుగు మాటలు.

ఒలింపిక్స్ తరహా పోటీల కోసమైతే దుర్భిణి కొననే వద్దు. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012లో లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో. ఆ పోటీలో రైఫిల్ మీద దుర్భిణి పెట్టడం నిబంధనలకు విరుద్ధం. సన్నని రంధ్రంలోంచి చూడాలి. పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే, కంటికి ఆనదు. నల్లటి గుండ్రాన్ని వలయం నడుమ కూర్చోబెట్టడమే అక్కడి విద్య. అక్కడ కూడా చాలామంది రెండో కన్ను మూయరు. దాని ముందు చిన్న పట్టీ అడ్డం పెట్టుకుని తెరిచే ఉంచుతారు.

ఇక దుర్భిణి సంగతి. మనలో సాగర్ కుడి కాలువ పనులు చేసినవాళ్ళున్నారు. 1967లో కాలువలకు నీళ్ళు వదిలాక కూడా కింది కాలువల పనులు ఏళ్ళ తరబడి సాగాయి. ఆఫీసులో ఫైళ్ళు రాసే నేను కూడా లెవెల్ పెట్టి చూసే సర్వేయర్లను దగ్గరుండి చూశాను. చెయ్యి తిరిగినవాడు రెండో కన్ను మూసేవాడు కాదు. ఒంటి గొట్టం మైక్రోస్కోపులో మలేరియా స్లైడ్లు చూసే టెక్నీషియనూ అంతే. కన్ను బిగించి మూస్తే ముఖం బిగుసుకుంటుంది, చూసే కన్నూ త్వరగా అలసిపోతుంది. తుపాకీ దుర్భిణి ఆ లెవెల్ టెలిస్కోపుకి తమ్ముడే. ముందొక అద్దం, లోపల క్రాస్ హెయిర్, కంటి దగ్గర ఇంకో అద్దం.

రెండు కళ్ళూ తెరిస్తే ఒకదానికి పెద్ద బొమ్మ, ఇంకోదానికి మామూలు బొమ్మ కనిపిస్తాయి. ఏది పట్టాలో, ఏది వదలాలో తేల్చేది మెదడు. అమెరికాలో ట్రిజికాన్ సంస్థ పెట్టిన గ్లిన్ బిండన్ దీన్నే ఒక పద్ధతిగా చెప్పారు. తుపాకీ కదులుతున్నంతసేపు పెద్ద బొమ్మ అలికినట్టవుతుంది, మెదడు మామూలు బొమ్మనే పట్టుకుంటుంది. వెలిగే గురిగుర్తు మాత్రం దాని మీద తేలుతుంది. తుపాకీ నిలవగానే పెద్ద బొమ్మ ముందుకొస్తుంది. ఇదంతా నాలుగు రెట్ల లోపు దుర్భిణికే హాయిగా కుదురుతుంది. తొమ్మిది, పన్నెండు రెట్లయితే రెండు బొమ్మలకూ పొంతన ఉండదు. అప్పుడు రెండో కంటి ముందు కాగితం ముక్క అడ్డం పెట్టుకోవాలి గానీ, కన్ను మూయనక్కరలేదు.

దుకాణంవాడు ఎక్కువ రెట్లది అంటగట్టాలని చూస్తాడు. 4×32 అంటే నాలుగు రెట్లు, ముందు అద్దం 32 మిల్లీమీటర్లు. 32ని 4తో భాగిస్తే 8. కంటి దగ్గరకు వచ్చే వెలుగు వృత్తం అన్ని మిల్లీమీటర్లు. అది పెద్దదైతే కన్ను కాస్త అటూ ఇటూ అయినా బొమ్మ పోదు. అదే 32 అద్దానికి 12 రెట్లు పెడితే మూడు మిల్లీమీటర్లు కూడా రాదు. చేతి వణుకు మాత్రం పన్నెండు రెట్లు కనిపిస్తుంది!

స్ప్రింగు ఎయిర్‌గన్ ముందుకూ వెనక్కూ కుదుపుతుంది. మామూలు దుర్భిణి ఆ కుదుపుకి లోపల వదులైపోతుంది. దానికోసమే చేసినది, పది మీటర్లకు ఫోకస్ అయ్యేది అడిగి తీసుకోవాలి. పెద్ద రైఫిలైతే కంటికీ అద్దానికీ మూడు, మూడున్నర అంగుళాల ఎడం ఉండాలి. లేకపోతే పేలినప్పుడు కనుబొమ చీలుతుంది. దుర్భిణితో సూర్యుణ్ణి ఎన్నడూ చూడరాదు. ఎవరి ఇంటి వైపూ చూడరాదు. తుపాకీ మీది దుర్భిణితో చూడటమంటే తుపాకీ గురిపెట్టడమే గదా.

.177 కొలతలో 20 జౌళ్ళ లోపు ఎయిర్‌గన్‌కు 2016 నియమాల ప్రకారం లైసెన్సు అక్కరలేదు. అంతమాత్రాన చేలో వాలిన నెమలిని కొట్టవచ్చని కాదు. 1972 వన్యప్రాణి చట్టం కింద అది జైలు వ్యవహారం. కుర్రాళ్ళకు ఈ మాట మనమే చెప్పాలి, దుకాణంవాడు చెప్పడు.

ఏ కన్ను పెత్తనం చేస్తుందో కూడా ముందే తెలుసుకోవాలి. చేతులు చాచి, అరచేతుల మధ్య చిన్న సందు చేసి, రెండు కళ్ళతో దూరంగా ఒక వస్తువును చూడండి. తర్వాత ఒక్కో కన్నూ మూయండి. ఏది తెరిచినప్పుడు వస్తువు సందులోనే ఉంటుందో అది పెత్తందారు కన్ను. కుడిచేతి పిల్లవాడికి ఎడమ కన్ను పెత్తందారైతే మొదటే గురువుగారికి చెప్పాలి. ఈ పరీక్షలో ఒక కంటికి వస్తువు మసకగా కనిపిస్తోందని పిల్లవాడంటే దుర్భిణి మాట పక్కన పెట్టి కంటి డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళండి.

భోజనాలయ్యాక వరండాలో ఈ పరీక్ష చేద్దాం. పిల్లలందరినీ పంపండి. శుక్లాల ఆపరేషను ఒక కంటికే అయినవారు కూడా రండి.