కీబోర్డుకూ కంప్యూటర్‌కూ పరిచయం తప్పితే
(పాలకుర్తి చదువరుల కోసం చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట ముచ్చట కీబోర్డు గురించి. కంప్యూటర్ ముందు మీటలున్న పలక ఉంటుంది కదా, అదే కీబోర్డు. మీట నొక్కితే తెర మీద అక్షరం పడుతుంది. మునుపు ప్రతి కీబోర్డుకూ తీగ ఉండేది. తీగను కంప్యూటర్‌కు గుచ్చితే చాలు, పని మొదలు. ఇప్పుడు తీగ లేనివి వచ్చాయి. పిల్లల చదువుల కోసం కంప్యూటర్ కొన్న ఇళ్లలో చాలా చోట్ల అవే కనిపిస్తాయి. చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. కానీ ఒక రోజు ఉన్నట్టుండి మూగబోతాయి. ఎంత నొక్కినా ఒక్క అక్షరం పడదు.

అప్పుడు ఇంట్లో వాళ్లేమంటారు? "ఖరాబైంది, కొత్తది కొనాలె" అంటారు. చాలాసార్లు అది ఖరాబు కాదు. కంప్యూటర్‌కూ కీబోర్డుకూ మధ్య పరిచయం తప్పిపోతుంది. తిరిగి పరిచయం చేస్తే పని చేస్తుంది. దానికి పైసా ఖర్చు లేదు.

పరిచయం అంటే ఏమిటి? పొలం మోటారుకు సెల్‌ఫోన్ స్టార్టర్ పెట్టుకున్న రైతులకు ఇది తేలికగా అర్థమవుతుంది. ఆ స్టార్టర్‌లో ముందే ఒక నంబరు నమోదు చేస్తారు. ఆ నంబరు నుంచి ఫోను వస్తేనే మోటారు తిరుగుతుంది. పక్క చేను వాళ్లు ఫోను చేస్తే కదలదు. కీబోర్డు సంగతీ అంతే. మొదటిసారి కలిపినప్పుడు కీబోర్డు, కంప్యూటర్ రెండూ కలిసి ఒక రహస్య సంఖ్య తయారు చేసుకుంటాయి. చెరొకటి దాచుకుంటాయి. తర్వాత ఎప్పుడు కలిసినా ఆ సంఖ్యతోనే ఒకదాన్నొకటి గుర్తు పడతాయి. దీన్నే పెయిరింగ్ అంటారు. అంటే జత కట్టడం. రెండింటిలో ఏ ఒక్కటి ఆ సంఖ్యను పోగొట్టుకున్నా రెండో దాని దగ్గర ఉన్నది ఎందుకూ పనికిరాదు. ఈ ఒక్క మాట గుర్తుంటే మిగతా ముచ్చటంతా తేలిక.

తీగ లేకుండా మాట ఎట్లా పోతుంది? రేడియో తరంగాల మీద పోతుంది. ఆ తరంగాలకు 2.4 గిగాహెర్ట్జ్ అని ఒక వరుస ఉంది. ఇంట్లో వైఫై చాలావరకు ఆ వరుసలోనే నడుస్తుంది. మైక్రోవేవ్ పొయ్యి కూడా అదే వరుస వాడుతుంది. శివరాత్రి నాడు సోమేశ్వరస్వామి గుట్ట కాడ జాతర ఎట్లుంటుందో తెలుసు కదా! అంత సందడిలో తల్లి పిలుపు బిడ్డకు వినపడాలి. అందుకే బ్లూటూత్ అనే పద్ధతి కనిపెట్టినవాళ్లు ఒక ఉపాయం చేశారు. ఒకే దారిలో మాట్లాడకుండా 79 దారులు పెట్టుకున్నారు. మొదటి నుంచీ ఉన్న బ్లూటూత్ పద్ధతిలో సెకనుకు 1600 సార్లు దారి మారుతుంది. ఒక దారిలో గోల ఉంటే మాట ఇంకో దారిలో పోతుంది.

బ్లూటూత్ అంటే నీలి పన్ను అని అర్థం. వెయ్యేళ్ల కింద డెన్మార్క్ దేశాన్ని ఏలిన హెరాల్డ్ అనే రాజుకు ఆ మారుపేరు ఉండేది. విడివిడిగా ఉన్న జనాన్ని ఒక్క పాలన కిందికి తెచ్చిన రాజు అని ఆయనకు పేరు. వేరు వేరు యంత్రాలను కలిపే పద్ధతికి ఆ పేరే పెట్టారు. 1998లో ఎరిక్సన్, నోకియా, ఇంటెల్, ఐబీఎం, తోషిబా అనే అయిదు కంపెనీలు ఈ పద్ధతి కోసం ఒక సంఘంగా చేరాయి.

ఇక పనిలోకి వద్దాం. తీగ లేని కీబోర్డులు రెండు రకాలు.

ఒక రకానికి గోరంత ముక్క ఒకటి వస్తుంది. దాన్ని కంప్యూటర్‌కు గుచ్చాలి. రిసీవర్ అంటారు, దుకాణాల్లో డాంగిల్ అనీ అంటారు. దీనికీ కీబోర్డుకూ పరిచయం సాధారణంగా ఫ్యాక్టరీలోనే చేసి పంపుతారు. గుచ్చగానే పని చేస్తుంది. కొత్త డబ్బాలో డాంగిల్ కనపడకపోతే కంగారు పడొద్దు. సెల్లు వేసే అర మూత తీసి చూడండి. చాలా వాటిలో అక్కడే దాచి పెడతారు. అయితే ఊడ్చేటప్పుడు ఈ ముక్క చెత్తలో పోయిందంటే చిక్కే. మామూలు రకాలకు ఇంకో డాంగిల్ పనికిరాదు. కొన్ని కంపెనీలవి మాత్రం మళ్లీ జత కట్టవచ్చు. లాజిటెక్ కంపెనీ యూనిఫయింగ్ రకం డాంగిల్ మీద నారింజ రంగు గుర్తు ఉంటుంది. దానికి ఆరు పరికరాల దాకా కలుపుకోవచ్చు.

రెండో రకం బ్లూటూత్ కీబోర్డు. దీనికి డాంగిల్ ఉండదు. పరిచయం ఇంట్లో వాళ్లే చేయాలి. విడిభాగాలు తెచ్చి కట్టిన కంప్యూటర్లలో కొన్నింటికి అసలు బ్లూటూతే ఉండదు. కొనే ముందే దుకాణంలో ఈ మాట అడగాలి. కొన్నాక అడిగితే దుకాణదారు నవ్వుతాడు.

ఏ రకమైనా మొదట చూడాల్సింది సెల్లు. గోడ గడియారం ఇంకా నడుస్తోంది కదా అని అందులోని సెల్లు తీసి కీబోర్డుకు వేస్తారు. గడియారానికి చాలా కొద్ది కరెంటు చాలు. సగం చచ్చిన సెల్లుతో కూడా అది నడుస్తుంది. కీబోర్డు నడవదు. కొత్త సెల్లు వేయండి, కూడిక, తీసివేత గుర్తులు చూసి వేయండి. సెల్లు కారి తెల్లని పొడి పేరుకుంటే ఒట్టి చేత్తో ముట్టొద్దు. కీబోర్డు అడుగున చిన్న స్విచ్ ఉంటుంది. తుడిచేటప్పుడు అది ఆఫ్ అయి ఉండొచ్చు. నవ్వులాటగా ఉంటుంది కానీ, ఆ స్విచ్ చూడకనే జనగామ దాకా బస్సెక్కేవాళ్లుంటారు.

డాంగిల్ రకమైతే దాన్ని తీసి వేరే రంధ్రంలో గుచ్చి చూడాలి. కంప్యూటర్ డబ్బా వెనకాల గుచ్చితే ఇనుప రేకు అడ్డం వస్తుంది. ముందు వైపు గుచ్చడం మేలు. నీలి రంగు రంధ్రాలు వేగంగా పని చేసేవి. వాటికి హార్డ్ డిస్కు లాంటిది తగిలించి ఉంటే అక్కడ పుట్టే గోల డాంగిల్‌కు అడ్డు పడుతుంది. అక్షరాలు తడబడుతూ పడుతుంటే కారణం ఇదే కావచ్చు.

ఇంకొకటి. కంప్యూటర్‌ను షట్ డౌన్ చేసి మళ్లీ వేస్తే అంతా కొత్తగా మొదలైందని అనుకుంటారు. విండోస్ కంప్యూటర్లలో చాలా వాటికి అట్లా కాదు. తొందరగా లేవడం కోసం అది పాత సంగతులు కొన్ని దాచుకొని పడుకుంటుంది. రీస్టార్ట్ నొక్కితేనే పూర్తిగా కొత్తగా లేస్తుంది.

ఇవన్నీ చూసినా పలకకపోతే పరిచయం తప్పిందన్నమాట. ఒక ఇల్లు అనుకుందాం. బిడ్డ ఇంటర్ పాసైంది. డిగ్రీ సీటు కోసం దోస్త్‌లో కాలేజీల పేర్లు పెట్టుకోవాలి. దోస్త్ అంటే 2016లో తెలంగాణలో మొదలైన ఆన్‌లైన్ దరఖాస్తు పద్ధతి. ఆ రోజే ఆఖరు తారీఖు. రాత్రి ఎనిమిది దాటింది. కీబోర్డు పలకడం లేదు.

"ఏమైంది బిడ్డా, గట్ల కూసున్నవ్?" అని తల్లి అడిగింది.

"కీబోర్డు పనిచేస్తలేదమ్మా. సెల్లు మార్చిన, అయినా పలుకుత లేదు."

"పొద్దుగాల జనగామకు పోయి కొత్తది తెస్త తియ్యి" అన్నాడు తండ్రి.

"పొద్దుగాల తెస్తే ఏం లాభం బాపూ? ఇయ్యాల్నే ఆఖరు."

తల్లి ఊరుకోలేదు. "ఆగుండ్రి. రాత్రి దాంక మంచిగున్నది ఒక్క పూటల ఎట్ల ఖరాబైతది? దాన్ని ఎవలన్న ముట్టిండ్రా?"

మూలకు కూర్చున్న కొడుకు మెల్లగా నోరు విప్పాడు. "నేనే అమ్మా. పొద్దుగాల నా ఫోన్‌కు కలిపిన."

చిక్కు అక్కడుంది. ఒకే జత గుర్తుంచుకునే కీబోర్డును ఫోన్‌కు కలిపితే అది కంప్యూటర్‌ను మరిచిపోతుంది. కానీ ఆ సంగతి కంప్యూటర్‌కు తెలియదు. దాని పట్టీలో కీబోర్డు పేరు ఇంకా కనపడుతూనే ఉంటుంది. అందుకే మనుషులు మోసపోతారు. "పేరు ఉంది కదా, మరి పని చేయదేం?" అనుకుంటారు. పేరు ఉంది, రహస్య సంఖ్య చెల్లదు.

ఏం చేయాలి? ముందు ఫోన్‌లో బ్లూటూత్ ఆపాలి. తర్వాత మౌస్‌తో కంప్యూటర్ సెట్టింగ్స్ తెరిచి, బ్లూటూత్ పట్టీలో ఆ కీబోర్డు పేరు దగ్గర రిమూవ్ నొక్కాలి. అంటే పాత పరిచయం చెరిపేయాలి. ఇది చాలామంది వదిలేసే మెట్టు. ఇప్పుడు కీబోర్డు మీద పెయిర్ మీటను కాసేపు నొక్కి పట్టుకోవాలి. చిన్న దీపం మిణుకుమంటుంది. కంప్యూటర్‌లో యాడ్ డివైస్ నొక్కితే కీబోర్డు పేరు వస్తుంది. దాన్ని ఎంచుకోవాలి. తెర మీద కొన్ని అంకెలు కనపడవచ్చు. ఆ అంకెలను కీబోర్డు మీదే కొట్టి, చివర ఎంటర్ నొక్కాలి. కొట్టేటప్పుడు అంకెలు తెర మీద పడకపోవచ్చు. పడలేదని ఆగొద్దు. ఎంటర్ మరిచిపోతే మాత్రం పని కాదు.

కొన్ని కీబోర్డులు రెండు మూడు యంత్రాలను గుర్తుంచుకుంటాయి. వాటి మీద 1, 2, 3 అని మీటలుంటాయి. పొరపాటున 2 నొక్కితే మాట ఫోన్‌కు పోతుంది. మళ్లీ 1 నొక్కితే కంప్యూటర్‌కు వస్తుంది.

కీబోర్డు ఎంతకీ కలవకపోతే ఆ రాత్రి దరఖాస్తు ఆగిపోవాలా? అక్కర్లేదు. విండోస్‌లో ఆన్ స్క్రీన్ కీబోర్డు అని ఒకటుంది. తెర మీదే మీటల బొమ్మ వస్తుంది. మౌస్‌తో ఒక్కొక్క అక్షరం నొక్కవచ్చు. పాస్‌వర్డు అడిగే మొదటి తెర మీద కూడా కింద కుడి మూల మనిషి బొమ్మ లాంటి గుర్తు నొక్కితే ఇది దొరుకుతుంది. నిదానంగా సాగుతుంది, కానీ గడువు లోపల పని అవుతుంది. ఫోన్‌లో కూడా దరఖాస్తు చేయవచ్చు. చిన్న తెర మీద కాలేజీ పేర్లు తారుమారు కాకుండా చూసుకోవాలి.

ఇట్లాంటి తొందరలో ఒక ప్రమాదం ఉంది. గడువు దగ్గర పడితే మనిషి ఇంటర్నెట్‌లో కస్టమర్ కేర్ నంబరు వెతుకుతాడు. అక్కడ కనపడే నంబర్లన్నీ కంపెనీలవి కావు. మోసగాళ్లు తమ నంబర్లు పెడతారు. "ఈ యాప్ వేసుకోండి, ఇక్కడి నుంచే బాగు చేస్తాం" అంటారు. అది వేసుకుంటే ఇంటి తెర వాళ్ల చేతికి పోతుంది. ఆ వెంటనే పది రూపాయలు కట్టమంటారు, ఓటీపీ అడుగుతారు. బ్యాంకు ఖాతా ఖాళీ అవుతుంది. కీబోర్డు జత కట్టడానికి ఓటీపీతో పని లేదు, బ్యాంకుతో పని లేదు. నంబరు కావాలంటే కీబోర్డు వచ్చిన డబ్బా మీద చూడండి. ఒకవేళ డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయాలి. సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు అది.

తెర మీద అంకెలు అడగడం కూడా ఊరికే కాదు. ఎదురుగా కూర్చున్నవాళ్లే జత కడుతున్నారని కంప్యూటర్ రూఢి చేసుకుంటుంది. 2016లో అమెరికాలో బాస్టిల్ అనే సంస్థ పరిశోధకులు కొన్ని చవక కీబోర్డులను పరీక్షించారు. అవి నొక్కిన అక్షరాలను దాపరికం లేకుండా గాలిలోకి పంపుతున్నాయని తేలింది. దగ్గరలో తగిన పరికరం పెట్టుకున్నవాడు పాస్‌వర్డు వినగలడు. బ్యాంకు పని చేసే ఇంట్లో మరీ చవకది, పేరూ ఊరూ లేనిది కొనకపోవడం మంచిది. ఎవరూ ఏమీ నొక్కకుండానే జత కట్టమంటూ తెలియని పేరుతో తెర మీద అడిగితే ఒప్పుకోవద్దు.

ఒక్కోసారి జత కుదురుతుంది, కానీ అనుకున్న అక్షరం పడదు. ఎ నొక్కితే తెలుగు గుర్తు వస్తుంది. ఇది జత తప్పడం కాదు, భాష మారడం. విండోస్ గుర్తున్న మీట పట్టుకొని పొడుగు మీట నొక్కితే ఇంగ్లీషు, తెలుగు మారుతుంటాయి. జాను తెనుగులో రాసిన పాల్కురికి సోమనాథుని ఊరి పిల్లలు తెలుగు కొట్టడం కూడా నేర్చుకుంటే బాగుంటుంది. దానికి వేరే కీబోర్డు కొనక్కర్లేదు.

చివరగా ఒక చిన్న పని. కీబోర్డు బాగా పని చేస్తున్న రోజునే ఒక చీటీ రాయండి. తెలుగులోనే రాయండి. కీబోర్డు పేరు, పెయిర్ మీట ఎక్కడుందో, స్విచ్ ఎటు జరపాలో, సెల్లు మార్చిన తారీఖు, ఎవరి ఫోన్‌కు కలిపారో రాసి కీబోర్డు అడుగున అతికించండి. ఇంట్లో పాత తీగ కీబోర్డు ఉంటే పాత సామాన్లవాడికి అమ్మొద్దు. దుమ్ము దులిపి అటక మీద పెట్టండి. కంప్యూటర్ లేచే మొదటి క్షణాల్లో చాలా చోట్ల బ్లూటూత్ కీబోర్డు పలకదు. ఆ పూట తీగ కీబోర్డే అక్కరకొస్తుంది.